నా మంచం దగ్గర జరిగిన పాఠాలు

నాకు స్పృహ పోలేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్ళలో చాలామంది నాకు ఏమీ తెలియడం లేదనే అనుకున్నారు. చెయ్యి కదల్లేదు, కాలు కదల్లేదు, ముఖం కూడా కదల్లేదు. గొంతులో గొట్టం. ఊపిరి నాది కాదు, పక్కనున్న మిషనుది. కానీ చెవులు వింటూనే ఉన్నాయి. ఒంటి మీద ఎవరు చెయ్యి వేసినా తెలిసేది. కనుగుడ్లు పైకీ కిందికీ కొంచెం కదిలేవి. అది కూడా ఎవరైనా నా ముఖం మీదికి వంగి చూస్తేనే కనబడేది.

ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నా రాయగలుగుతున్నాను. ఇట్లాంటి జబ్బుతో మీ ఇంట్లో ఎవరైనా పడి ఉంటే, వాళ్ళు వింటున్నారని మీకు చెప్పడానికి రాస్తున్నాను. డాక్టరు చదువు చదివే పిల్లలు చదివితే ఇంకా మంచిది. నా మటుకు నాకు, రాసేస్తే గుండెదడ కొంచెం తగ్గుతుందేమోనని ఆశ.

జూలై

నా పేరు నూర్జహాన్. చిత్తూరులో ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరుని. మా ఆయన బాషాకు బజారులో టైలరింగ్ షాపు ఉంది. మా అమ్మ మాతోనే ఉంటుంది. కూతురు రేష్మ ఇంటర్ చదువుతోంది.

బడి తెరిచిన కొత్తల్లో నాకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ సంగతి మరిచిపోయాక పాదాల్లో తిమ్మిరి మొదలైంది. కాలికి చెప్పు ఉందో జారిపోయిందో తెలిసేది కాదు. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీసు పడిపోయింది. తీసుకుందామని వంగితే మోకాళ్ళు నిలవక అక్కడే కూర్చుండిపోయాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూము మెట్లు ఎక్కలేకపోయాను.

ఊళ్ళో చూపించుకుంటే నీరసమని చెప్పి బలానికి సూదులు వేశారు. మరుసటి రోజు పొద్దున తాగిన టీ ముక్కులోంచి బయటికి వచ్చింది. బాషా షాపు షట్టర్ దించేసి కారు మాట్లాడుకొచ్చాడు. పాకాల దాటేసరికి నా తల మెడ మీద నిలవడం లేదు. అమ్మ రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుంది. "డర్ నక్కో బేటీ," భయపడొద్దు తల్లీ అని, తిరుపతి వచ్చేదాకా ఆ ఒక్క మాటే అంటూ ఉంది. భయపడుతున్నది ఎవరో ఇద్దరికీ తెలుసు.

తిరుపతిలో వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి అది. పేరు అవసరం లేదు. మా ముందు ఒక యాత్రికుల కుటుంబం ఉంది. గుండ్ల మీద చందనం ఇంకా ఆరలేదు. అలిపిరి మెట్లు దిగుతూ కూలబడిన వాళ్ళ ముసలాయన్ను స్ట్రెచర్ మీద పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక మేము.

నన్ను మొదట చూసింది చరణ్ అనే హౌస్ సర్జన్. చదువు ముగించి ఆసుపత్రిలో ఏడాదిపాటు పని నేర్చుకునే పిల్లలను అట్లా పిలుస్తారు. పుంగనూరు వైపు అబ్బాయి. ముఖంలోనే మంచితనం కనబడుతుంది. చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టి చూశాడు. కాలు లేవలేదు. అమ్మ ఏడుస్తుంటే ఆమెకు కుర్చీ తెచ్చి వేశాడు. "ఏం కాదవ్వా, వారంలో ఈమె నడుచుకుంటా ఇంటికి పోతుంది," అన్నాడు. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

తరువాత వచ్చినవాడు డాక్టర్ వినోద్. పెద్ద చదువు చదువుతున్న పీజీ డాక్టరు. నా పేరు అడగలేదు. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టమన్నాడు. నాలుగైదు అంకెలకే నాకు గాలి చాలలేదు. అతను వెనక్కి తిరిగి, ఐసీయూలో మంచం, మిషను సిద్ధం చేయమని చెప్పి వెళ్ళిపోయాడు. బాషా వెంటపడి ఏమైందని అడిగితే, జీబీఎస్ అని మూడు అక్షరాలు చెప్పాడట. అంతే.

మన ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబాటున మన నరాల మీద పడితే వచ్చే జబ్బు అది. ఈ మాట మాకు చాలా రోజుల తరువాత తెలిసింది. ఆ సాయంత్రానికే నా ఊపిరి ఆగబోయింది. గొట్టం వేసి మిషనుకు కలిపారు. వినోద్ ముందే పసిగట్టి ఉండకపోతే నేను వార్డులోనే పోయేదాన్ని. వారంలో నడుస్తానన్న మాట నన్ను కాపాడలేదు. అంకెలు లెక్కపెట్టించిన మనిషే కాపాడాడు. అయినా ఆ రోజుల్లో నా మనసు చరణ్ అడుగుల చప్పుడు కోసమే చూసేది.

ఆగస్టు

ఐసీయూలో నా మంచం తలుపు పక్కనే. నాకు కనబడేది పైకప్పు, దాని మీద తేమకు పెచ్చులూడిన ఒక చోటు. మిగతా లోకమంతా చప్పుళ్ళే.

రోజూ పొద్దున విద్యార్థులు గుంపుగా వచ్చేవారు. కొత్త కోట్ల గంజి వాసన వచ్చేది. నేను వాళ్ళకు పాఠం. వినోద్ నా కాళ్ళు పైకెత్తి వదిలేసేవాడు, అవి పరుపు మీద దబ్బున పడేవి. చూసినారా అనేవాడు. ఒక్కొక్కరూ వచ్చి మళ్ళీ ఎత్తి వదిలేవారు. ఒక రోజు ఒక అమ్మాయి, ఈమె బతుకుతుందా సార్ అని అడిగింది. అతను నా ఛాతీ మీదుగా ఆమెకు జవాబు చెప్పాడు. ఇట్లాంటివాళ్ళలో కొందరు పోతారు, ఇన్ఫెక్షన్ వస్తే చెప్పలేం అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. కానీ అది నా చావు గురించి. నా కంటి నీళ్ళు చెవిలోకి కారాయి. నర్సు చూసి, కళ్ళు మూతపడక నీళ్ళు కారుతున్నాయి, చుక్కల మందు వేయాలి అంది.

ఇంకొక రోజు ఒక అబ్బాయి నా చేతి బొటనవేలి గోరు మీద పెన్ను పెట్టి నొక్కాడు. నొప్పికి మనిషి స్పందిస్తుందో లేదో చూడటానికి అట్లా చేస్తారట. నిప్పు పెట్టినట్టయింది. ఒళ్ళంతా అరిచింది, బయటికి ఒక్క కదలికా రాలేదు. అతను ఏదో రాసుకుని, ఇంకా గట్టిగా నొక్కాడు.

అప్పుడే వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు, ఈమె పేరేంటి అని అడిగింది. అబ్బాయి కాగితాల వైపు తిరిగాడు. కాగితం అక్కడ పెట్టు అంది ఆ గొంతు. ఆమె ఆ విభాగానికి పెద్ద, డాక్టర్ సరోజ. సెలవు నుంచి ఆ రోజే వచ్చింది. పొట్టి మనిషి, మెడలో దారానికి కళ్ళద్దాలు వేలాడుతుంటాయి. నా మీదికి వంగింది.

"నూర్జహాన్ టీచర్, నేను డాక్టర్ సరోజను. నా మాట వినబడుతుంటే కళ్ళు పైకి ఎత్తండి."

ఎత్తాను.

ఆమె విద్యార్థుల వైపు తిరిగి, "ఇన్ని రోజులూ మీరు మాట్లాడిందంతా ఈమె వినింది," అంది. వినోద్‌ను ఏమీ అనలేదు. పెన్నుతో నొక్కిన అబ్బాయిని నా ముఖం దగ్గర నిలబెట్టింది. అతను సారీ ఆంటీ అన్నాడు. సారీ చాలదు, ఏం చేసినావో, ఎందుకు చేసినావో ఆమెకు చెప్పు అంది. ఆ పిల్లవాడికి మాట కూడబలుక్కుని, మీకు నొప్పి తెలుస్తుందో లేదో చూడాలని నొక్కినానని చెప్పేసరికి చెమటలు పట్టాయి. తెలిసిందా అని ఆమె నన్ను అడిగింది. కళ్ళు ఎత్తాను. ఆ అబ్బాయి నా చెయ్యి తీసి మెల్లగా పరుపు మీద పెట్టాడు.

ఆ రోజు నుంచి తాకే ముందు పేరు చెప్పాలి, ఏం చేయబోతున్నారో చెప్పాలి అని ఆమె వాళ్ళకు కట్టడి పెట్టింది. దీంతో అంతా మారిపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. బ్యాచ్ మారినప్పుడల్లా కథ మొదటికొచ్చేది. కొత్త పిల్లలు వచ్చేవారు, కాళ్ళెత్తి వదిలేవారు, మళ్ళీ ఆమె వచ్చి చెప్పేది. ఆమె లేని రోజుల్లో నేను ఒక వస్తువునే.

బయట వరండాలో నా వాళ్ళ బతుకు ఎట్లా నడిచిందో రేష్మ తరువాత చెప్పింది. చాప పరిచి అమ్మ, కుర్చీలో బాషా. నా గొంతుకు రంధ్రం చేసి అందులోంచి గొట్టం వేయాలన్నప్పుడు వాళ్ళిద్దరికీ చెడింది. వినోద్ వచ్చి, రంధ్రం చేయాలి, సంతకం పెట్టండి అన్నాడట. అమ్మ ఒప్పుకోలేదు. గొంతు కోస్తే నా బిడ్డ మాట పోతుంది, మాటే ఆమె బతుకు అని పట్టుబట్టింది. బాషా సంతకం పెట్టేశాడు. అప్పటి నుంచి ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. అతను తెచ్చిన అన్నం ముట్టలేదు. ఇద్దరూ ఒకే వరండాలో చెరొక చివర కూర్చున్నారు. ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరి దగ్గరికి తిరగడం రేష్మ పని అయింది. ఆ ఏడు ఆ పిల్ల చదువు మంటగలిసింది.

సరోజ మేడంకు ఈ సంగతి తెలిసి వినోద్‌ను వెనక్కి పంపింది. అతను చాప మీద కూర్చుని గొంతు బొమ్మ గీసి, రంధ్రం ఎక్కడ, మాట ఎక్కడి నుంచి వస్తుంది, అది తరువాత ఎట్లా మూసుకుపోతుందో అమ్మకు చెప్పాడట. కష్టంగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడట. అమ్మ అంతా విని, మీ అమ్మకైతే చేయిస్తావా నాయనా అని అడిగింది. చేయిస్తానమ్మా అన్నాడు. ఆ సాయంత్రం అమ్మ అన్నం తినింది. అల్లుడితో మాత్రం మాట్లాడలేదు.

ఆ గొంతు గొట్టమే ఒక మధ్యాహ్నం అడ్డుపడింది. గళ్ళ, అంటే కఫం, గట్టిపడి లోపల బిరడాలాగా బిగుసుకుంది. మిషను కూత పెడుతోంది. గాలి రావడం లేదు. చరణ్ పరుగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. భయపడొద్దమ్మా, నేనుండాను అంటున్నాడు. అతని చెయ్యి వెచ్చగా ఉంది. నాకు కావాల్సింది చెయ్యి కాదు, గాలి. కళ్ళు పైకీ కిందికీ కొట్టుకున్నాను. అతను ఇంకా గట్టిగా చెయ్యి పట్టుకున్నాడు. పైకప్పు నల్లబడుతోంది. అప్పుడు వినోద్ వచ్చి చరణ్‌ను భుజంతో పక్కకు తోసి, గొంతులోని గొట్టం లాగేసి కొత్తది దించాడు. రొమ్ములోకి గాలి దిగింది. వినోద్ నా ముఖం వంక చూడనే లేదు. చేతి తొడుగులు విప్పి పారేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సరోజ మేడం ఇద్దరినీ నా మంచానికి చెరొక వైపు నిలబెట్టింది. వినోద్, ఈమెకు ఏం జరిగిందో చెప్పు అంది. చరణ్, గొట్టం ఎట్లా మార్చినాడో అడిగి నేర్చుకో అంది. వినోద్ మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. "నీళ్ళ పైపుకు అడ్డం పడినట్టు పడింది టీచర్. తీసేసినాను. మళ్ళీ పడకుండా సిస్టర్లకు చెప్పినాను. మళ్ళీ పడొచ్చు కూడా. పడితే నేనుంటాను," అన్నాడు. ఆ మాటల్లో తీపి లేదు. కానీ ఆ మాటలు పట్టుకునే ఆ తరువాత నేను నిద్రపోగలిగాను.

సెప్టెంబరు

నా పక్క మంచానికి రెడ్డెమ్మ వచ్చింది. పలమనేరు దగ్గర పల్లె. టమాటా తోట, రెండు ఆవులు. నాకంటే చిన్నది. ఆవులకు గడ్డి కోసుకొచ్చిన కొన్నాళ్ళకు జ్వరం పట్టుకుని వదల్లేదు. కింది వార్డులో ఉంచి డెంగీ అనుకుని చూశారు. ఆయాసం ఎక్కువై పైకి తెచ్చారు. మొదటి రెండు రోజులు మాట్లాడగలిగేది. నర్సును పిలిచి, నా వైపు చూపించి, ఈయమ్మకు దోమ వాలుతుండాది చూడండి అని చెప్పింది. తనకే ఊపిరి అందడం లేదు.

భర్త మునిరత్నం రోజూ తలుపు దగ్గరికి వచ్చేవాడు. నా మంచం అక్కడే కాబట్టి అన్నీ వినబడేవి. మా ఆడమనిషి ఎట్లుండాది సార్ అని అడిగేవాడు. చరణ్ ఎప్పుడూ ఓపిగ్గా జవాబిచ్చేవాడు. తగ్గిపోతాది అనేవాడు. ఒక రోజు మునిరత్నం, ఊర్లో ఇద్దరు ఆడపిల్లలుండారు, అమ్మను చూస్తామని ఏడుస్తుండారు, పిలిపించేదా అని అడిగాడు. ఎందుకన్నా పిల్లోళ్ళను ఇబ్బంది పెట్టేది, రెండ్రోజుల్లో వార్డుకు మార్చేస్తాం అన్నాడు చరణ్. మునిరత్నం దండం పెట్టి పోయాడు. ఆ పొద్దు రెడ్డెమ్మ ఊపిరి ఎట్లా ఈలలు వేస్తోందో నేను వింటున్నాను. అతనూ వింటున్నాడు. ఎదుటి మనిషి ముఖం వాడిపోవడం చూడలేక అన్నాడు ఆ మాట.

మరుసటి రోజు సరోజ మేడం రెడ్డెమ్మ మంచం దగ్గర ఆగింది. ఇన్ని రోజుల జ్వరానికి అర్థం కుదరడం లేదంది. నర్సును పిలిచి తెర లాగించింది. రెడ్డెమ్మా, నీ ఒళ్ళంతా చూడాల, నేనూ ఈ సిస్టరే ఉంటాం అని చెప్పింది. కాసేపటికి తెర వెనక నుంచి మేడం నిట్టూర్పు వినబడింది. రొమ్ము కింద, సిగరెట్టుతో కాల్చినట్టు ఒక చిన్న నల్లటి పొక్కు ఉందట. పొదల్లో, గడ్డిలో ఉండే పురుగు కుడితే పడే మచ్చ. అది కనబడితే ఏ జ్వరమో తెలిసిపోతుంది. మందు కూడా అరుదైనది కాదు, ఏ మెడికల్ షాపులో అయినా దొరికేదే. ముందుగా వేయాలి, అంతే.

మందు వెంటనే మొదలుపెట్టారు. సరోజ మేడం తెర బయటికి వచ్చి, నా మంచం పక్కనే నిలబడి చరణ్‌ను అడిగింది.

"వార్డులో ఈమెను మొదట చూసింది నువ్వే కదా. ఒళ్ళంతా చూసినావా?"

"ఆమె సిగ్గుపడింది మేడం. ఇబ్బంది పెట్టేది ఎందుకని..."

"రాసింది మాత్రం ఒళ్ళంతా చూసినానని."

చరణ్ కాగితాలు మూసిన చప్పుడు వినబడింది.

"నీది మంచి మనసే. ఆ మంచి మనసుకు పని రాకపోతే ఇట్లే అవుతుంది. తెర లాగి, సిస్టర్‌ని పిలిచి, ఎందుకో చెప్పుంటే ఆమె చూడనిచ్చేది. ఇప్పుడు నాకు చూపించింది కదా." ఆ కాగితాలు తీసుకుని, "నువ్వు రాసింది వినోద్ నమ్మినాడు. నేనూ నమ్మినాను. ముగ్గురం చూడలేదు," అంది.

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది నాకు. నా కాగితాల మీద ఎవరెవరు ఏమేమి చూసినామని రాశారో, అందులో ఎన్ని నిజమో అని నాకు వణుకు పుట్టింది. వణకడానికి ఒళ్ళు లేదు.

అప్పటికే మందు ఆలస్యమైంది. రెడ్డెమ్మకు కూడా గొట్టం వేశారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం శ్రీహరికోట నుంచి రాకెట్ వదిలారు. నర్సులు, విద్యార్థులు కిటికీ దగ్గరికి పోయి ఆకాశంలో తెల్లటి గీతను చూస్తున్నారు. మాకిద్దరికీ పైకప్పే. నేను కళ్ళు పక్కకు తిప్పలేను కాబట్టి ఆమె చూస్తోందో లేదో నాకు తెలియదు. మరుసటి రోజు పొద్దున ఆమె మిషను ఆపేశారు.

సరోజ మేడం చరణ్‌ను పిలిచింది. నువ్వే చెప్పాల, నేను పక్కన ఉంటా అంది. అతను వద్దు మేడం అన్నాడు. ఆమె కదల్లేదు. తలుపు తెరుచుకుంది. మునిరత్నం చెప్పులు విప్పిన చప్పుడు వినబడింది. చరణ్ చాలా ప్రయత్నించినామని మొదలుపెట్టాడు, ఇన్ఫెక్షన్ అన్నాడు, ఊపిరితిత్తులన్నాడు. మునిరత్నానికి ఏమీ అర్థం కావడం లేదు. ఊ కొడుతున్నాడు. అప్పుడు సరోజ మేడం మెల్లగా, చెప్పు చరణ్ అంది.

"రెడ్డెమ్మ చనిపోయిందన్నా."

ఆ తరువాత ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

"పిల్లోళ్ళను పిలిపించొద్దంటివి కదప్పా," అన్నాడు మునిరత్నం.

"అవునన్నా. తప్పు చెప్పినాను."

ఏ రోగం, ఎందుకు ఆలస్యమైందో మిగతాది సరోజ మేడం చెప్పింది. మచ్చ సంగతి కూడా దాచలేదు. అతను విన్నాడు. గొడవ చేయలేదు. ఆమె కట్టుకొచ్చిన చీర ఏదైనా ఉంటే ఇప్పించమని అడిగాడు. పిల్లలకు చూపించాలి కదా అన్నాడు. అతను పోయాక చరణ్ నా మంచం కాళ్ళ వైపు చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. మంచం అదిరింది. అతన్ని ఓదార్చాలని నాకు అనిపించలేదు. తిట్టాలనీ అనిపించలేదు. నా కాళ్ళ దగ్గర నుంచి పొమ్మని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

తరువాత చాలా రోజులు అతను ఐసీయూకు రాలేదు.

నవంబరు

జబ్బు వచ్చిన దారినే వెనక్కి పోయింది. మొదట పెదవులు, తరువాత మెడ, భుజాలు. మిషను తీసేశారు. గొంతు రంధ్రం మూసుకున్నాక మొదటి మాట ఏదో గొప్పది అంటానని అందరూ చుట్టూ నిలబడ్డారు. వీపు కింద దుప్పటి ముడత పడింది, లాగండి అన్నాను. ఎన్నాళ్ళ నుంచో అది గుచ్చుతోంది.

అమ్మ, బాషా మంచానికి రెండు వైపులా నిలబడి ఏడ్చారు. ఒకరివంక ఒకరు చూసుకోలేదు. ఇంటికి వచ్చాక కూడా వాళ్ళ మధ్య ఆ చలి పోలేదు. సంతకం పెట్టడం వల్లనే నేను బతికానని అమ్మకు తెలుసు. అడగకుండా పెట్టాడన్నది ఆమె గుండెలో ఉండిపోయింది. బయటివాళ్ళు మాత్రం దేవుడి దయ, కుటుంబం ఒక్కటిగా నిలబడింది అంటుంటారు. మేము సరేననుకుంటాం.

ఆసుపత్రి వదిలే ముందు చరణ్ వచ్చాడు. నవ్వు పోయింది. ముఖం చిక్కిపోయింది. ఊరికి పోయి, డాక్టరు పనే మానేస్తానని కూర్చుంటే సరోజ మేడం ఫోన్ చేసి, మానేస్తే మానెయ్, కానీ ముందు వచ్చి ఒళ్ళంతా చూడటం నేర్చుకుని మానెయ్ అందట. ఇప్పుడు ఎవరినైనా తల నుంచి పాదం దాకా చూసిగానీ కాగితం మీద రాయడట. తగ్గిపోతాదని ఎవరికీ చెప్పడం లేదట. ఏం చెబుతావు మరి అని అడిగాను. "తెలిసింది చెబుతున్నానమ్మా. తెలియంది తెలియదంటున్నా. కొందరికి కోపం వస్తుండాది," అన్నాడు. మునిరత్నం వాళ్ళ ఊరికి అతను పోయి వచ్చాడో లేదో అడగాలనుకున్నాను. అడగలేదు.

మార్చి

సరోజ మేడం ఫోన్ చేసింది. ఆఖరి సంవత్సరం పిల్లలకు ప్రాక్టికల్ పరీక్షలు. వాళ్ళు పరీక్షించడానికి రోగులు కావాలి. వస్తారా టీచర్, రాకపోయినా ఏమీ అనుకోను అంది. బాషాకు కోపం వచ్చింది. మళ్ళా నిన్ను మంచం మీద వేసి బొమ్మ మాదిరి ఆడతారా అన్నాడు. నాకూ భయమే. అయినా పోయాను. పోకపోతే ఆ గుంపు మరొకరి మీద నేర్చుకుంటుంది. నేనైతే నోరు తెరిచి నొప్పి అనగలను.

మంచం చుట్టూ తెర కట్టారు. జబ్బు పేరు ఎవరికీ చెప్పొద్దని ముందే హెచ్చరించారు. నాకు వచ్చిన అమ్మాయి పేరు హర్షిత. పేరు చెప్పింది, తాకవచ్చా అని అడిగింది. నాకు మనసు కుదుటపడింది. కానీ పరీక్ష భయానికి ఆమె చేతులు మంచులాగా ఉన్నాయి. సుత్తితో మోకాలి మీద కొట్టాల్సిన చోట కొట్టలేదు. బిగుసుకుపోయి ఉండే నా ఎడమ పాదాన్ని పట్టి ఒక్కసారిగా వంచింది. పళ్ళు బిగబట్టాను. ఆమె చూడలేదు. గడియారం చూసుకుంటోంది. రాసుకుంటోంది, కొట్టేస్తోంది. చివరికి తెర వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఆంటీ, మీకు ఏం జబ్బని చెప్పినారు? ఒక్క మాట చెప్పండాంటీ."

ఆ వయసు పిల్లలు పరీక్ష హాల్లో అట్లా చూడటం నాకు కొత్త కాదు. మా రేష్మ కంటే నాలుగైదేళ్ళు పెద్దది, అంతే. చెప్పాలనే అనిపించింది. మూడు అక్షరాలు. కానీ రేపు రెడ్డెమ్మలాంటి మనిషి ఈ పిల్ల ముందు పడుకుంటుంది. ఆమెకు తన జబ్బు పేరు తెలియదు.

"చెప్పనమ్మా," అన్నాను. "నువ్వు అడిగిందల్లా చెబుతా. పేరు చెప్పను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. ఇంకేమీ అడగలేదు. పరీక్ష పెట్టే సార్లు వచ్చారు. ఆమె తడబడుతూ కొన్ని చెప్పింది, కొన్ని చెప్పలేకపోయింది. వాళ్ళ ముఖాలు చూస్తే ఫలితం నాకే తెలిసిపోయింది. నేను నోరు తెరిచి ఉంటే ఆ పిల్ల గట్టెక్కేదేమో. ఆ ఆలోచనతోనే పడుకుని ఉన్నాను.

పరీక్ష ముగిసింది. బాషా కారు కోసం పోయాడు. తెర కదిలింది. హర్షిత మళ్ళీ వచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పోయింది ఆంటీ, మళ్ళీ రాయాల్సిందే," అంది. కొంచెంసేపు నా పాదాలనే చూస్తూ, "మీకు నొప్పి పెట్టినానా?" అని అడిగింది.

"పెట్టినావు."

"యాడ?"

చూపించాను. చేతులు రెండూ కాసేపు రుద్దుకుని వెచ్చబరచుకుంది. ఒక చేత్తో మడమ కింద ఆనించి, ఇంకో చేత్తో పాదాన్ని కొద్దికొద్దిగా వంచింది. ఈసారి పాదం వైపు కాదు, నా ముఖం వైపు చూస్తోంది.

"ఇట్లనా?"

"ఇంకొంచెం మెల్లగా."

మెల్లగా వంచింది. ఎంతవరకు వస్తుందో అక్కడ ఆపింది. నొప్పి లేదన్నాను. ఆ పాదాన్ని పరుపు మీద దించి, దుప్పటి సర్ది, నేను చెప్పకుండానే రెండో పాదం దగ్గరికి జరిగింది.